సెంటర్ స్పీకర్: గ్రాఫ్‌ని నమ్మాలా, పత్రిక రివ్యూనా?

హాల్లో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) పెట్టిద్దామని, టీవీ దగ్గర మధ్యలో ఉండి డైలాగులు పలికే సెంటర్ స్పీకర్ వెతుకుతున్నానండీ. ఒకదాన్ని పత్రికలో ఆకాశానికెత్తేశారు, డైలాగులు అద్భుతమట. స్పినోరమా గ్రాఫ్ (స్పీకర్ చుట్టూ వేర్వేరు కోణాల్లో ధ్వని కొలిచి గీసేది) చూస్తే ఎదురుగా గీత సాఫీగానే ఉంది గానీ, 30 డిగ్రీలు పక్కకి జరిగితే 1–2 కిలోహెర్ట్జ్ మధ్య పెద్ద గుంట, అంటే అక్కడ శబ్దం తగ్గిపోతోంది. ట్వీటర్‌కి (సన్నని స్వరాలు పలికేది) అటూ ఇటూ ఊఫర్లు (లావు స్వరాలు పలికేవి) అడ్డంగా పెట్టిన డిజైన్లకి ఇది మామూలేననుకోండి. కానీ మా సోఫా చివర కూర్చునేది అమ్మ. ఆవిడకి బాంబుల మోత అక్కర్లేదు, మాట అర్థమైతే చాలు.

ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ వాళ్లు స్పీకర్ కనబడకుండా తెర కట్టి వినిపిస్తే, జనం ఎక్కువగా మెచ్చింది కొలతలు బాగున్నవాటినే. సరే, సుమారు 300 హెర్ట్జ్ కింద గదిదే పెత్తనం కదా, అక్కడ ఈ గ్రాఫ్ ఏం చెబుతుంది? పక్క సీట్లో ఆ గుంట చెవికి తెలుస్తుందా? వాడినవాళ్లు చెప్పండి. షోరూంలో నడి సీటు తప్ప ఇవ్వడం లేదు.