ట్రాఫిక్‌లో ఆగితే ఆయిల్ లైటు మినుకుమంటోంది, బోర్‌కి వచ్చిందంటున్నారు, నిజమేనా?

పటమట కుర్రాడు:
అందరికీ నమస్కారం. బండి మా నాన్నగారిది, 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇల్లు పటమట, షాపు గవర్నర్‌పేట, రోజూ వెళ్లేది పట్టుమని ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. పొద్దున స్టార్ట్ చేయగానే పైనుంచి టకటకమని టాపెట్ చప్పుడు వచ్చి ఓ పది సెకన్లకు తగ్గుతుంది, మూడు నెలలుగా ఉంది, నేనే పట్టించుకోలేదు. పోయిన వారం బెంజ్ సర్కిల్ దగ్గర అరగంట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మీటర్లో ఆ దీపం బొమ్మ ఎర్రగా మినుకుమినుకుమంది. యాక్సిలరేటర్ తొక్కితే పోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. డిప్ స్టిక్ చూస్తే ఆయిల్ ఫుల్ మార్కు దగ్గరే ఉంది.

ఒక మెకానిక్ ఆయిల్ సెన్సర్ మార్చాడు, రెండు రోజులకు మళ్లీ అదే. ఇంకొకాయన చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే లైటు పోతుంది అన్నాడు. మూడో ఆయన బోర్‌కి వచ్చేసింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, ఇంజన్ మొత్తం విప్పాలి, 70 వేలు సిద్ధం చేసుకో అన్నాడు. నిన్న ఆయిల్ పోసే మూత తీసి చూశా, లోపలి వైపు తారులా పట్టి ఉంది, గీకితే గోటి కింద ఇరుక్కుని సబ్బుతో కడిగినా పోలేదు. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది, కాకపోతే తిరిగింది ఆరు వేలే, పదివేలకు కదా మార్చేది అని నాన్న అంటారు. పొగ లేదు, పికప్ బాగానే ఉంది. రిటైర్ అయిన డబ్బుతో కొన్న బండి, అమ్ముదామంటే ఆయన ఒప్పుకోరు, నాకూ మనసొప్పడం లేదు. ఏం చేయాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

షెడ్డు బాబాయ్:
తమ్ముడూ, ముందు బండి తియ్యడం ఆపు. షెడ్డుకు కూడా తోలుకెళ్లొద్దు, లాగించుకెళ్లు. ఆ ఎర్ర లైటు వెలుగుతుండగా నడిపిన ప్రతి నిమిషం బేరింగుల మీద పడుతుంది.

బోర్ మాట ఇప్పుడే ఎత్తక్కర్లేదు. పిస్టన్ రింగులు, బోర్ అరిగితే ఆయిల్ తగ్గిపోతుంది, పొగ వస్తుంది, పికప్ పడిపోతుంది. నువ్వు చెప్పినవాటిలో అవేవీ లేవు. నాకైతే చాంబర్, అదే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, దాని అడుగున మడ్డి పేరుకుని ఆయిల్ స్ట్రైనర్ జాలీ మూసుకుపోతున్నట్టు అనిపిస్తోంది. పంపు ఆయిల్ పీల్చుకునేది ఆ జాలీ గుండానే. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పల్చబడుతుంది, ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, అందుకే సరిగ్గా సిగ్నల్ దగ్గరే ప్రెషర్ పడిపోయి లైటు వస్తుంది, రేస్ చేస్తే పోతుంది. పొద్దున చప్పుడు కూడా దీనివల్లే కావచ్చు, ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లకు ఆయిల్ ఆలస్యంగా అందితే అలాగే కొట్టుకుంటాయి.

సెన్సర్ విప్పి ఆ రంధ్రానికే ఆయిల్ ప్రెషర్ చూపే ముల్లు గేజ్ పెట్టించు, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, 3000 ఆర్‌పీఎంలో ఎంత అని రాసుకో. అది చూడకుండా ఇంజన్ విప్పుతాననేవాడికి బండి ఇవ్వకు. ప్రెషర్ తక్కువుంటే చాంబర్ దింపించు, స్ట్రైనర్ తీసి డీజిల్లో బ్రష్‌తో కడిగించు, టాపెట్ కవర్ కూడా విప్పి పైన ఎంత మడ్డి ఉందో నీ కళ్లతో చూడు. చాంబర్ ఎలాగూ దిగుతుంది కాబట్టి ఒక కనెక్టింగ్ రాడ్ బేరింగ్ విప్పి చూడమను, రాగి రంగు తేలితే అరిగినట్టే, లేకపోతే బతికిపోయావు. బిగించేటప్పుడు ఆ బోల్టులు కొత్తవి వేయించు.

చిక్కటి ఆయిల్ జోలికి వెళ్లొద్దు. లైటు ఆరొచ్చు, జాలీ మూసుకుపోవడం మాత్రం అలాగే ఉంటుంది, పైగా పొద్దున్నే ఆ చిక్కటి ఆయిల్‌ని పంపు పీల్చలేక ఇంకా ఇబ్బంది పడుతుంది.

ఓరుగల్లు డ్రైవర్:
బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. నేనొకటి కలుపుతాను, ఫ్లష్, అదే పాత ఆయిల్లో పోసి మడ్డి కరిగించే మందు, అది మాత్రం పోయించకండి అన్నా. నా బండికి కూడా మూత కింద ఇలాగే తారు పట్టి ఉంటే ఒకాయన ఫ్లష్ పోసి పావుగంట ఐడిల్‌లో ఉంచి పాత ఆయిల్ దింపేశాడు. మర్నాడు హనుమకొండ నుంచి హైదరాబాద్ బయల్దేరాను, జనగామ దాటాక లైటు వెలిగింది. వెనక ప్యాసింజర్లు ఉన్నారు, ఫ్లైట్ టైం అవుతోందని ఆపలేదు, భువనగిరి వచ్చేసరికి టర్బో ఈల వేసినట్టు అరవడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే గోడలకు అంటుకున్న మడ్డి ఫ్లష్‌కి పెళ్లలు పెళ్లలుగా ఊడి జాలీ నిండా కూరుకుపోయి ఉంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుంది, దానికి ఆయిల్ అందకపోతే ఇంకేముంటుంది. కొద్దిగా పట్టిన బండికి ఫ్లష్ పనికొస్తుందేమో గానీ ఇంత పేరుకున్నదానికి విప్పి చేత్తో తుడవడమే మేలు.

డల్లాస్ నుంచి సుబ్బు:
మీ నాన్నగారు పదివేలు అన్నది నిజమే, కాకపోతే మాన్యువల్‌లో దాని పక్కనే ఏడాది అని కూడా ఉంటుంది చూడండి, ఏది ముందొస్తే అది. మీ బండికి అసలు దెబ్బ ఆ ఐదు కిలోమీటర్ల ప్రయాణమే. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినా ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది, ఈలోపే మీరు షాపు దగ్గర ఆపేస్తారు. రింగుల పక్కనుంచి కిందికి జారిన నీటి ఆవిరి, మసి, కాలని డీజిల్ బయటికి పోకుండా ఆయిల్లోనే ఉండిపోతాయి. ఆయిల్లో వీటిని విడివిడిగా పట్టి ఉంచే మందులు ఉంటాయి, అవి అరిగిపోయిన రోజు నుంచి మడ్డి కట్టడం మొదలు. బ్రీదర్ పైపు కూడా చూపించండి, అది మూసుకుంటే ఆవిరి పోయే దారే ఉండదు.

ఇది నాసిరకం ఇంజన్ల జబ్బు అనుకోకండి. 1997 నుంచి 2002 దాకా టయోటా ఇక్కడ అమ్మిన 3.0 వీ6, 2.2 ఇంజన్లలో ఇదే మడ్డి గొడవ వచ్చి 2002లో కంపెనీ ఎనిమిదేళ్ల ప్రత్యేక కవరేజ్ ప్రకటించాల్సి వచ్చింది.

మూత కింద నల్లగా కాకుండా పాలమీగడలా తెల్లగా ఉంటే వేరే కథ, అది తేమ వల్ల కావచ్చు, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ లేదా ఆయిల్ కూలర్ చూడాలి. మీది అది కాదు. ఇంకో మాట, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా నాలుగు రోజులకే నల్లబడుతుంది, రంగు చూసి భయపడొద్దు.

పటమట కుర్రాడు:
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. ఆటోనగర్‌కి లాగించుకెళ్లాం. వేడి మీద ప్రెషర్ ఐడిల్‌లో 5 పీఎస్ఐ, 3000 ఆర్‌పీఎంలో 28. చాంబర్ దింపితే అడుగున అంగుళం మందాన హల్వాలా ఉంది. స్ట్రైనర్ నా చేతికే ఇచ్చారు, జాలీలో మూడో వంతే వెలుతురు కనిపించింది. మడ్డిలో కలిసి సన్నటి ఎర్ర దారాలు చుట్టుకుని ఉన్నాయి, అవేంటంటే ఎప్పుడో ఎవరో చాంబర్ బిగించేటప్పుడు గ్యాస్కెట్ పేస్ట్ ఎక్కువ పూశారట, లోపలికి పొంగినదంతా ఊడి జాలీకి చుట్టుకుంది. బేరింగ్ విప్పి చూశారు, సన్నటి గీతలున్నాయి గానీ రాగి తేలలేదు. పైనా కిందా తుడిచి, బ్రీదర్ కడిగి, మాన్యువల్‌లో ఉన్న 5డబ్ల్యూ-30 పోసి ఫిల్టర్ మార్చారు. ఇప్పుడు ఐడిల్‌లో 17, 3000లో 48. ఖర్చు మొత్తం 9,400. పొద్దున చప్పుడు ఒక్క క్షణం వచ్చి ఆగిపోతోంది. నాన్న ఆ గేజ్ ముల్లు వంక చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఇక ఆదివారం ఆదివారం గన్నవరం దాకా తిప్పుకొస్తానంటున్నారు. మీ అందరికీ రుణపడి ఉంటాను.

షెడ్డు బాబాయ్:
సంతోషం తమ్ముడూ. ఈ ఆయిల్‌ని వెయ్యి కిలోమీటర్లకే దింపేయ్, కొత్తదే కదా అని ఉంచొద్దు, మూలల్లో మిగిలింది మెల్లగా కరిగి దీంట్లోకే వస్తుంది. పాత ఫిల్టర్ పారేయకుండా విప్పించి లోపలి కాగితం మడతలు విప్పి చూడు. మెత్తటి మడ్డి ఉంటే ఇంకో 3 వేలకు మళ్లీ మార్చు. మెరిసే రజను కనిపిస్తే మాత్రం బండి ఆపేసి ఇక్కడ ఫొటో పెట్టు.