అమ్మమ్మ సీరియల్ బైండింగులు విడిపోతున్నాయి: ఇంట్లో కుట్టుకోవడం నేర్చుకోవచ్చా?

పాలకొల్లు పిల్ల:
అమ్మమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్ళు కత్తిరించి బైండు చేయించుకున్న పుస్తకాలు మా అటక మీద బోలెడు. అట్టలు ఊడిపోయాయి, అంచులు సిల్వర్‌ఫిష్ పురుగు కొరికేసింది. షాపులో అడిగితే రెగ్జిన్ వేసి కొత్తగా చేసేస్తామంటున్నారు. నాకేమో సొంతంగా నేర్చుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గట్టుమీద మాష్టారు:
ఆ పుస్తకాలతో మాత్రం మొదలుపెట్టకమ్మా. ముందు తెల్లకాగితాల నోటుబుక్కు కుట్టు. నాలుగేసి కాగితాలు మడిచి ఒక్కో ఫారం చెయ్యి, మడత మీద దబ్బనంతో బెజ్జాలు పెట్టు, మైనం రాసిన నూలు దారంతో ఫారానికి ఫారం కలుపుతూ పో. పైనా కిందా చివరి బెజ్జం దగ్గర దారాన్ని కింది ఫారం కుట్టులోంచి తిప్పి ముడి వెయ్యాలి. బలమంతా ఆ ముడిలోనే ఉంటుంది. చేతికి బిగువు తెలిసేదాకా అట్టల జోలికి వెళ్ళకు.

ఇంకోటి. కాగితాన్ని అటూ ఇటూ వంచి చూడు. ఏ వైపు సులువుగా వంగితే ఆ మడత పుస్తకం వెన్నుకి సమాంతరంగా రావాలి. అట్టకీ అంతే. మన గాలిలో చెమ్మకి కాగితం ఒక దిశలోనే ఎక్కువ సాగుతుంది. అడ్డంగా పెట్టావంటే వానాకాలంలో అట్ట వంకర తిరుగుతుంది.

లేసు నరసాపురం:
మాష్టారు చెప్పింది ఫారాలున్న పుస్తకానికండీ. సీరియల్ కాగితాలు విడివిడి ఆకులు కదా, వాటికి మడతే ఉండదు. అందుకే పాత బైండర్లు పక్కనుంచి గుచ్చి కుట్టేసేవారు, లోపలి అక్షరాలు కుట్టులోకి వెళ్ళిపోయేవి. రెండేసి ఆకుల్ని సన్నటి పలచని కాగితం పట్టీతో అతికిస్తే మడత వస్తుంది, అప్పుడు ఫారంలా కుట్టొచ్చు. ఓపిక కావాలి, కానీ పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది.

షాపులో ఇస్తే మిషన్ మీద మూడు వైపులా కోసేస్తారు, గుర్తుంచుకోండి. మా పెదనాన్నగారి భారతం అలాగే వెళ్ళొచ్చింది. మార్జిన్లలో ఆయన రాసుకున్న అర్థాలు సగం ఎగిరిపోయాయి. పెదనాన్న ఇప్పటికీ ఆ షాపు ఉన్న వీధిలో నడవరు.

రావులపాలెం రాజు:
ఇంత తతంగం ఎందుకండీ? ఫెవికాల్ రాసి బరువు పెడితే అయిపోయె.

లేసు నరసాపురం:
నోటుబుక్కుకి రాసుకోండి, ఎవరొద్దన్నారు. పాతకాగితానికి మాత్రం వద్దు. ఆరాక మళ్ళీ విప్పాలంటే కాగితంతో సహా ఊడొస్తుంది. మైదా జిగురైతే తడి చేస్తే వదులుతుంది. సెల్లోటేప్ ఇంకా దారుణం, కొన్నేళ్ళకి టేప్ ఊడిపోయినా దాని జిడ్డు పసుపు మరకై కాగితంలో దిగిపోతుంది.

పాలకొల్లు పిల్ల:
మైదా జిగురులో మైలుతుత్తం కలపమని మా వీధిలో ఒక తాతగారు చెప్పారు. పురుగు రాదట.

గట్టుమీద మాష్టారు:
బైండర్లు తరతరాలుగా కలిపేదే, పురుగు ఆగేమాటా నిజమే. కానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. పైగా అందులోని రాగి కాగితాన్ని త్వరగా పెళుసు చేస్తుంది. రోజూ వాడే లెడ్జరుకి పర్లేదు, అమ్మమ్మ పుస్తకానికి వద్దు. మైదాకి నాలుగైదు రెట్లు నీళ్ళు పోసి, సన్న సెగ మీద కలుపుతూ అద్దంలా మెరిసేదాకా ఉడికించి, వడకట్టి, ఏ పూట జిగురు ఆ పూట వాడేసెయ్. ఇంకా మంచిది కావాలంటే గోధుమ హల్వాకి పాలు తీసినట్టు పిండిముద్దని నీళ్ళలో కడిగి, అడుగున తేరిన పిండితో ఉడికించు. చిరిగిన చోట అతికించే కాగితానికి అంచులు కత్తెరతో కోయకు, తడిపి చేత్తో చింపు. అప్పుడు పీచు కలిసిపోయి గీత కనపడదు.

లంక వాసి:
మా గోడు వేరండీ. 1986 గోదావరి వరదలో మా ఇంట్లో పుస్తకాలన్నీ నానిపోయాయి. నాన్న ఎండలో పరిచారు, పుస్తకాలు ఎండాయి గానీ అట్టలు విల్లులా వంగాయి, నున్నటి బొమ్మల కాగితాలు ఇటుకల్లా అంటుకుపోయాయి. మళ్ళీ వరదొస్తే ఏం చెయ్యాలి?

లైబ్రరీ మాజీ:
రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది, అందుకే తొందరపడాలి. నీడలో, ఫ్యాను గాలికి, పుస్తకం నిలబెట్టి కొద్దిగా విప్పి ఉంచండి. మధ్యమధ్య రంగు దిగని తెల్లకాగితం పెట్టి మారుస్తూ ఉండండి. నున్నటి ఆర్ట్ పేపరు తడి ఆరకముందే ఆకులు విడదీయాలి, ఆరాక విడదీస్తే బొమ్మ చిరుగుతుంది. ఒకేసారి ఆరబెట్టలేనివి కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెడితే బూజు ఆగుతుంది, తర్వాత కొద్దికొద్దిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. బూజు పట్టినదాన్ని తడిగా ఉన్నప్పుడు తుడవకండి. పూర్తిగా ఆరాక, మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి.

పాలకొల్లు పిల్ల గారూ, రాజమండ్రి వెళ్ళినప్పుడు గౌతమీ గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాలు కాసేపు చూడండి. కుట్టు, అతుకు, వెన్ను మీద బట్ట వరుసగా గమనించండి. ఆనాటి చేతిపని చూస్తే సగం పాఠం అయినట్టే.

పాలకొల్లు పిల్ల:
వెళ్తానండీ. నోటుబుక్కు ఆదివారం మొదలుపెడతాను. దబ్బనం చెప్పులు కుట్టేవాళ్ళు వాడేది పనికొస్తుందా?

గట్టుమీద మాష్టారు:
లావైపోతుంది, కాగితం చిరుగుతుంది. లావు సూదిని పెన్సిల్ ముక్కలో దిగేసి వాడుకో.