వైజాగ్‌లో గ్యాస్ లీకు మెసేజ్ వస్తే పరుగెత్తాలా, ఆగాలా?

మర్రిపాలెం వాసి:
మొన్న రాత్రి పదకొండు దాటాక మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు ఎవరిదో తెలీదు, ఏ ఏరియా గురించో చెప్పలేదు, గ్యాస్ లీకైంది పిల్లల్ని తీసుకుని బయటపడండి, అంతే. కాసేపట్లో సగం ఫ్లాట్ల వాళ్లు కిందికి దిగిపోయారు. మూడో ఫ్లోర్‌లో ఒక బాలింత, నెల నిండని బిడ్డని ఒళ్లో పెట్టుకుని, భర్త స్కూటర్ వెనక కూర్చుని ఆనందపురం వైపు వెళ్లిపోయింది. లిఫ్ట్ వాడొద్దని ఎవరో అంటే మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారిని నాలుగు అంతస్తులూ మెట్ల మీద దింపాం. తీరా చూస్తే ఎక్కడా ఏమీ లేదు.

ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పారు అన్నది లేని మెసేజ్‌ని పదిమందికి పంపేవాళ్లు సాయం చేస్తున్నామనుకుంటున్నారు గానీ చేసేది హాని. ఆ మాట గ్రూపులో అన్నందుకు అందరూ నా మీద పడ్డారు. జనానికి కామన్ సెన్స్ ఎందుకు లేకుండా పోతోంది? మీరేమంటారు?

గోపాలపట్నం:
మీ బాధ అర్థమైంది, కానీ కామన్ సెన్స్ లేదన్న మాట మా వైపు వాళ్లని అనకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి లీకైనప్పుడు జనాన్ని నిద్ర లేపింది సైరన్ కాదు, ఘాటు వాసన, పక్కింటివాళ్ల కేకలు. సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. 12 మంది చనిపోయారు, పరుగెత్తుతూ రోడ్డు మీదే పడిపోయినవాళ్లని దేశమంతా టీవీలో చూసింది. ఆ రోజు అర్ధరాత్రి మళ్లీ లీకైందని మాట పాకింది, ఫ్యాక్టరీకి చాలా దూరంలో ఉన్నవాళ్లు కూడా పిల్లాపాపలతో రోడ్డెక్కేశారు. రెండో లీకేమీ లేదు, రెండు కిలోమీటర్ల లోపు వాళ్లనే ముందు జాగ్రత్తగా కదలమన్నాం అని పోలీసులు చెప్పేసరికే వేలమంది బయట ఉన్నారు. పొద్దున చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు కాబట్టే రాత్రి ఎవరు చెప్పినా నమ్మారండి. ఇందులో జనం తప్పేముంది?

రిటైర్డ్ సేఫ్టీ ఆఫీసర్:
ఇద్దరి మాటా చదివాను. భయపడటం తప్పు కాదు, ఏ వైపు వెళ్లాలో తెలియకుండా పరుగెత్తడమే ప్రమాదం. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు, నేలబారున పాకి పల్లపు చోట్ల, సెల్లార్లలో నిలుస్తుంది. నిజంగానే అలాంటి గ్యాస్ వచ్చి ఉంటే మర్రిపాలెం వారూ, మీ నాన్నగారిని మీరు మంచి గాలి నుంచి చెడ్డ గాలిలోకి దింపినట్టే. అలాంటప్పుడు కిటికీలు, తలుపులు మూసి, ఫ్యాన్లు, ఏసీలు ఆపి పైనే ఉండాలి. బయట ఉంటే ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలి, ఏ చెట్టు కొమ్మో, చిమ్నీ పొగో చూస్తే తెలుస్తుంది. గాలి వీచే దారిలో ముందుకు పరుగెత్తితే గ్యాస్ మన వెనకే వస్తుంది, దానికి అడ్డంగా పక్కకి జరగాలి.

అందరూ ముక్కుకి కట్టుకోమని చెప్పే తడిగుడ్డ అమ్మోనియాకి కొంత పనికొస్తుంది, ఆ గ్యాస్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి. స్టైరీన్ నీళ్లలో సరిగా కరగదు, గుడ్డని నమ్ముకుని అక్కడే నిలబడకూడదు.

ఇంకో సంగతి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ఫ్యాక్టరీలు లోపల ఏముందో, ఏదైనా అయితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి కూడా తెలియజేయాలని పెట్టారు. మన ఊళ్లో ఎన్ని కాలనీల వాళ్లు ఈ వివరాలు అడిగారు? మాక్ డ్రిల్ అంటే గేటు లోపల ఫొటోలు దిగేది కాదు, గేటు బయట ఉన్నవాళ్లకి నేర్పేది. మెసేజ్ పంపినవాళ్ల మీద కోపం తర్వాత, ముందు ఇది అడగండి.

జాలారిపేట తమ్ముడు:
తుఫాన్లప్పుడూ ఇదే గొడవ. టీవీలో ఎర్రక్షరాలతో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక అని వేస్తారు, వెంటనే పాల ప్యాకెట్లకీ పెట్రోలుకీ క్యూలు. ఒకటో నంబరంటే దూరాన సముద్రంలో వాయుగుండం ఉందని ఓడలకి చెప్పే గుర్తు. అసలు ఆ నంబర్లన్నీ రేవులో ఓడల కోసం పెట్టినవి. ఐదు, ఆరు, ఏడు అంటేనే ప్రమాదం, మరీ భయపడాల్సింది ఎనిమిది, తొమ్మిది, పది వస్తే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా మన మీదే తీరం దాటింది, అప్పుడు మాకు బోట్లు పోయాయి, వలలు పోయాయి. ఆ రోజు ముందుగానే పునరావాస కేంద్రాలకి వెళ్లినవాళ్లు బతికి బయటపడ్డారు. ఇప్పుడు చూస్తే, ఉత్త మెసేజ్‌కి ఊరొదిలేవాళ్లు నిజంగా అలలు రోడ్డెక్కుతున్నప్పుడు పిల్లల్ని తీసుకుని ఆర్కే బీచ్‌కి చూడ్డానికొస్తారు, పోలీసులు తోలినా కదలరు. నాకు మాత్రం అదే ఎక్కువ భయం అన్నా.

మర్రిపాలెం వాసి:
సేఫ్టీ ఆఫీసర్ గారూ, మీరు రాసింది యథాతథంగా మా గ్రూపులో పెడుతున్నాను. ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది. అలాంటి మెసేజ్ వస్తే ముందు 112కి గానీ, కలెక్టరాఫీసు కంట్రోల్ రూమ్ 1077కి గానీ ఒక్కరు ఫోన్ చేసి గ్రూపులో చెప్పాలి, ఆ ఒక్కరు ఎవరో ముందే అనుకుందాం అని అడుగుతాను. ఎవరూ ముందుకు రాకపోతే నేనే ఉంటాను. మెసేజ్ పంపినాయన మీద మాత్రం నా కోపం పోలేదు, ఆ పసిబిడ్డని అర్ధరాత్రి హైవే ఎక్కించాడు. గోపాలపట్నం వారూ, మీ కాలనీ వాళ్లు ఏ ఫ్యాక్టరీకైనా ఇలా వివరాలు అడుగుతూ లెటర్ ఇచ్చారా? కాపీ ఉంటే పెడతారా?

గోపాలపట్నం:
ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. లెటర్ కాపీ సాయంత్రం పెడతాను. మీరు ఇచ్చేటప్పుడు మాత్రం నకలు మీద తప్పకుండా సీలు వేయించుకోండి, లేకపోతే మాకు అందలేదంటారు.