ఇన్‌చార్జిగా పనిచేసిన అనుభవానికి వృత్తి సంఘం ఏ రుజువు ఒప్పుకుంటుంది?

స్థానిక సంస్థల పరిపాలనాధికారుల కోసం ఉన్న ఒక వృత్తి సంఘంలో (పేరు వద్దులెండి) పూర్తి సభ్యత్వానికి ఏడు వారాల కిందట దరఖాస్తు చేశాను. "నిర్వహణ బాధ్యత రుజువు కాలేదు" అని ఇప్పటికి రెండుసార్లు వెనక్కి పంపారు.

నా హోదా డిప్యూటీ. కానీ 14 నెలలు ఇన్‌చార్జిగా బడ్జెట్, సిబ్బంది, కౌన్సిల్ అజెండా అన్నీ నేనే చూశాను. మొదటిసారి సర్వీస్ సర్టిఫికెట్ పెట్టాను. అందులో హోదా, తేదీలు తప్ప పని గురించి ఒక్క ముక్క లేదు. రెండోసారి ఇన్‌చార్జి ఆర్డర్ జతచేశాను. అందులోనూ "తదుపరి ఉత్తర్వులు వచ్చే వరకు" అంటూ రెండు లైన్లే. మెయిల్ చేస్తే ఆటోమేటిక్ జవాబు వస్తోంది, ఫోన్ చేస్తే వెబ్‌సైట్ చూడమంటున్నారు.

పోలిక కోసం ఐసీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్లది కాదు, 1914లో అమెరికాలో మొదలైన సిటీ మేనేజర్ల సంఘం) నిబంధనలు కూడా చదివాను. అక్కడ క్రెడెన్షియల్ (సంఘం ఇచ్చే వృత్తి అర్హత గుర్తింపు) ఉన్నవాళ్లు ఏటా 40 గంటల శిక్షణ చూపించాలి. శిక్షణ పత్రాలైతే నా దగ్గర బోలెడున్నాయి, వీళ్లు అడిగేది అవి కాదే!

ఈసారీ తిప్పి పంపితే ఫీజు మళ్లీ కట్టాలి, అదే టెన్షన్. నాలాగే ఇన్‌చార్జి అనుభవంతో ఇలాంటి సంఘంలో సభ్యత్వం తెచ్చుకున్నవాళ్లు, బాధ్యతకు రుజువుగా ఏ పత్రం పెట్టారు?