భాషలు–సంస్కృతుల డిగ్రీ: మూడేళ్లు ధారపోయాలా, సర్టిఫికెట్ చాలదా?

నిఘంటువు_పురుగు (చర్చ మొదలు):
విదేశీ భాష, సంస్కృతి ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చేయడం దండగ, వేరే డిగ్రీ చదువుతూ సాయంత్రాలు భాష నేర్చుకుని పరీక్ష రాస్తే చాలు అని కొందరు. డిగ్రీలో దొరికేది బయట దొరకదని ఇంకొందరు. సిలబస్, గంటలు, పరీక్షల లెక్కతో మాట్లాడండి. "భాష వస్తే ప్రపంచమే మనది" లాంటివి వద్దు.

గంటల_లెక్క:
చాలా కోర్సుల విషయంలో దండగే. అమెరికా దౌత్య సిబ్బందికి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం ఉద్యోగానికి పనికొచ్చేంత స్పానిష్‌కు సుమారు 600–750 తరగతి గంటలు కావాలి. జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్‌లకైతే 2200. ఇప్పుడు డిగ్రీ టైంటేబుల్ తీయండి. వారానికి 4 గంటలు, సెమిస్టర్‌కు 15 వారాలు, ఏడాదికి రెండు సెమిస్టర్లు: 120. మూడేళ్లకు 360. స్పానిష్‌కే సగం దారి, జపనీస్‌కు ఆరో వంతు. మిగతా క్రెడిట్లు సాహిత్య చరిత్ర, సంస్కృతి పరిచయం. అవి కూడా అనువాదాల్లో చదివి పాసైపోవచ్చు. పట్టా చేతికొస్తుంది, నోరు పెగలదు.

నుడికారం:
గంటల లెక్క గారూ, ఆ అంచనా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం కట్టింది. తెలుగువాళ్లకు జపనీస్ వాక్యం కొత్త కాదు. క్రియ చివర్నే వస్తుంది, మన విభక్తుల్లాగే నామవాచకం వెనకాల చిన్న ప్రత్యయాలు తగులుతాయి. లిపి దగ్గర మాత్రం రాయితీ లేదు: నిత్య వాడుక కంజీల (చైనా నుంచి వచ్చిన రాత గుర్తుల) అధికారిక జాబితాలోనే 2136 ఉన్నాయి.

అసలు దెబ్బ తగిలేది మరోచోట. మనకు పై అధికారి ఎవరి ముందైనా "గారే". జపనీస్‌లో బయటి కంపెనీవాళ్లతో మాట్లాడేటప్పుడు సొంత మేనేజరు పేరు వెనక, మన "గారు" లాంటి "సాన్" తీసేయాలి. ఆయన వస్తారని చెప్పడానికి గౌరవ క్రియ "ఇరస్షైమాస్" కాదు, వినయ క్రియ "మైరిమాస్" వాడాలి. మర్యాద అనుకుని "సాన్" తగిలిస్తే అదే అమర్యాద. ఈ ఒక్క రూలూ బట్టీ పడితే పోలేదా అంటారేమో. మరి అదే మేనేజరు కోసం ఆయన భార్య ఫోన్ చేస్తే? అప్పుడు గౌరవ క్రియే సరైనది, ఎందుకంటే ఆ సంభాషణలో ఆయన ఆవిడ పక్షం మనిషి. ఎవరు "లోపల", ఎవరు "బయట" అన్నది క్షణక్షణం మారుతుంది. వ్యాకరణం పుస్తకం రూపాలు ఇస్తుంది, ఈ కొలబద్ద డిగ్రీలో సమాజం గురించి చెప్పే సబ్జెక్టులో దొరుకుతుంది.

గంటల_లెక్క:
ఆఫీసులో ఆరు నెలలు కూర్చుంటే అబ్బే విద్యకు మూడేళ్ల ఫీజెందుకండీ? జపనీస్ ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో పై రెండు స్థాయిలు, ఎన్2 లేదా ఎన్1. ఫ్రెంచ్‌లో డెల్ఫ్ సర్టిఫికెట్‌కైతే కాలపరిమితి కూడా లేదు.

రెండో_ప్రతి:
ఎన్1 చూసి మురిసిపోకండి. 180కి 100 మార్కులు, మూడు విభాగాల్లో ప్రతిదానిలోనూ 60కి కనీసం 19. అంతే. మాట్లాడే పరీక్ష లేదు, సొంతంగా రాసేదీ లేదు, జవాబులు గుర్తించడమే. ఆ కాగితంతో ఇంటర్వ్యూలో తడబడితే తప్పు పరీక్షది కాదు, దాన్ని అన్నిటికీ కొలమానంగా తీసుకోవడమే తప్పు.

అనువాదం పని సంగతీ చెప్పాలి. 2016లో గూగుల్ అనువాద సేవ న్యూరల్ పద్ధతికి (వాక్యాన్ని మొత్తంగా చూసి అనువదించే పద్ధతికి) మారినప్పటి నుంచి యంత్రం తప్పులు కూడా నున్నగా వస్తున్నాయి. జర్మన్‌లో "గ్రుండ్‌జెట్స్‌లిష్" అనే మాట ఉంది. మామూలు మాటల్లో దాదాపు "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్నంత గట్టిగా వాడతారు. చట్టం భాషలో మాత్రం "సాధారణంగా, మినహాయింపులకు లోబడి" అని అర్థం. ఒప్పందంలో మొదటి అర్థం పడితే వాక్యం చక్కగా చదువుకోవచ్చు, షరతు మాత్రం తలకిందులవుతుంది. దీన్ని పట్టుకోవడానికి భాషతో పాటు చట్టం రాసే తీరు తెలియాలి.

ఇంకోటి. అనువాద సేవల ప్రమాణం ఐఎస్ఓ 17100లో అనువాదకుడి అర్హతకు మూడు దారులు: అనువాద శిక్షణ ఉన్న డిగ్రీ, వేరే డిగ్రీ అయితే దానికి తోడు రెండేళ్ల పూర్తికాలపు అనుభవం, డిగ్రీయే లేకపోతే ఐదేళ్లు. కాబట్టి డిగ్రీ తప్పనిసరి కాదు, రెండేళ్లు కలిసొస్తాయి.

నిఘంటువు_పురుగు:
అయితే సిలబస్‌లో ఏం చూసి చేరాలి?

నుడికారం:
చివరి ఏడాది పాఠ్యాలు మూలభాషలో ఉన్నాయా అన్నది మొదట. లేకపోతే అక్కడే ఆగిపోండి. అనువాదం రెండు వైపులా చేయిస్తున్నారా చూడండి. మాతృభాషలోకి చేయడం, అందులోంచి చేయడం వేర్వేరు నైపుణ్యాలు.

అరబిక్ అయితే ప్రామాణిక భాషతో పాటు ఏదో ఒక మాండలికం ఉండాలి. రాత భాషకూ మాట భాషకూ ఉన్న ఈ ఎడాన్నే భాషాశాస్త్రవేత్త ఫెర్గూసన్ 1959లో "డైగ్లోసియా" పేరుతో వివరించాడు. ప్రామాణికం ఒక్కటే చదివితే పత్రిక అర్థమవుతుంది, పక్కింటివాళ్ల కబుర్లు కావు.

విదేశీ సెమిస్టర్ ఉంటే బి1 (ఎ1 నుంచి సి2 దాకా ఉండే యూరప్ భాషా స్థాయిల్లో మూడోది) దాటాకే పంపుతున్నారా అడగండి. ఎ2తో వెళ్లినవాళ్లకు అక్కడి తరగతి అందదు, సొంత భాషవాళ్లతోనే గుంపుకట్టి నెలలు గడిపి తిరిగొస్తారు.

గంటల_లెక్క:
ఈ జల్లెడలో నిలిచే కోర్సైతే నాకూ అభ్యంతరం లేదు. వారానికి 10 గంటల భాష ఉంటే మూడేళ్లకు 900, స్పానిష్‌కు ధారాళంగా సరిపోతుంది. రెండు కొత్త భాషలు ఒకేసారి సున్నా నుంచి మొదలుపెట్టించే కోర్సైతే మాత్రం ఆ 900ని రెండుతో భాగించుకోండి, బ్రోషర్లో ఆ ముక్క రాయరు.