సమస్యాపూరణం: ఊరు చల్లగా నుండుట నోర్వడు ముని

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి ఛందస్సులో చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు రాయాలి.

"ఊరు చల్లగా నుండుట నోర్వడు ముని"

బైబిలులోని యోనా కథకు అన్వయించి పూరించాలి. పగవారి నగరం నీనెవెను హెచ్చరించమని దేవుడు పంపితే యోనా ప్రవక్త తర్షీషుకు పారిపోతాడు, చేప కడుపున పడి బయటపడ్డాక వెళ్లి చాటుతాడు; ఊరు మారి దేవుడు దాన్ని క్షమిస్తే కోపగించుకుంటాడు. ఊ–ఓ స్వరయతి (పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ అచ్చుల పొంతన) ఉంది, ఆ పాదాన్ని కదపకండి. చేప దగ్గరే ఆగిపోవద్దని మనవి. ఆ పుస్తకంలో నాలుగు అధ్యాయాలుంటే అందరికీ గుర్తుండేది చేపే. ఈ సమస్యకు జవాబున్నది నాలుగో అధ్యాయంలో.

ఖమ్మం తమ్ముడు: నా ప్రయత్నం.

నలువది దినములకు గూలు నగరమనుచు
చాటి కూర్చుండె వెలుపల చావు జూడ
గోనె తాల్చిన రేనిపై కూర్మి నిలువ
ఊరు చల్లగా నుండుట నోర్వడు ముని

బాపట్ల మాస్టారు: తమ్ముడూ, మొదటి పాదం హాయిగా నడిచింది. మూడో పాదం చివర మాత్రం చిక్కుంది. "నిలువన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. వాక్యం మధ్యలో తర్వాత అచ్చు వస్తే "నిలువ నూరు" అవుతుంది, ఇచ్చిన పాదం కాస్తా నూరుతో మొదలవుతుంది! "కూర్మి నిలిచె" అని వాక్యం ముగించెయ్యి, గొడవ ఉండదు. ఆ కూర్మి ఎవరిదో కూడా పద్యంలో లేదు, దేవుడు ఎక్కడా కనబడడు. ఇంకొకటి. యోనా ఊరి తూర్పున పందిరి వేసుకుని కూర్చున్నది కోపం వచ్చాక. నువ్వు ముందే కూర్చోబెట్టావు.

ఖమ్మం తమ్ముడు: "నిలిచె" అని సవరించాను మాస్టారూ. పందిరిని ముందుకు జరపడం కవి స్వేచ్ఛ అనుకోండి.

బాపట్ల మాస్టారు: అనుకోను. ముందు కోపం, తర్వాత పందిరి, ఆ పైన నీడనిచ్చిన సొరచెట్టు, దాన్ని ఎండగొట్టిన పురుగు, తూర్పుగాలి. కథ బిగువంతా ఆ వరుసలోనే ఉంది.

తెనాలి సోదరి: నాది రెండో కోణం.

నేడు బ్రతికిన పగవారి నీనెవె పురి
రేపు షోమ్రోను కాల్చదే రెచ్చి వచ్చి
యనెడు తలపున తర్షీషు కరిగె నాడె
ఊరు చల్లగా నుండుట నోర్వడు ముని

నిర్వాహకుడు: అమ్మా, "నాడె" దగ్గర వాక్యం ఆగింది, సంధి బాధ లేదు. పారిపోవడానికి కారణం చూపిన పూరణ ఇదొక్కటే. యోనా ఇశ్రాయేలు రాజు రెండవ యరొబాము కాలపువాడు. నీనెవె ఉన్న అష్షూరు రాజ్యం చేతిలో ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను పడింది క్రీ.పూ. 722 ప్రాంతంలో, అంటే కొన్ని దశాబ్దాల తర్వాత. పద్యంలో మీరు ఆయనకు అంత ముందుచూపు ఇచ్చారు. మూలంలో ఆయన చెప్పుకున్న కారణం వేరు: నీవు జాలిగల దేవుడివని, కీడు చేయక మానుతావని తెలిసే తర్షీషుకు పారిపోయానంటాడు. దయ ఎక్కడ తగులుతుందోనని భయపడిన ప్రవక్త ఇంకెవరున్నారు?

తెనాలి సోదరి: అదీ నిజమే. కానీ ఆ దయ తన శత్రువుల మీద కాకపోతే అంత బాధపడేవాడా? నా పద్యాన్ని అలాగే ఉంచుతాను.

బాపట్ల మాస్టారు: ఇంకో కారణం కూడా ఉండొచ్చు. రెండవ రాజులు 14వ అధ్యాయంలో యోనా ఇశ్రాయేలు సరిహద్దులు తిరిగి వస్తాయన్నాడు, అలాగే జరిగింది. అంత మంచి పేరున్నవాడు నీనెవె విషయంలో అబద్ధీకుడు అనిపించుకోవాలి. ద్వితీయోపదేశకాండం 18 ప్రకారం మాట నెరవేరకపోతే అది దేవుడి మాట కాదు. పరువు పోతుందని కూడా ఉడుక్కుని ఉంటాడు.

ఒంగోలు అక్క: ఆలస్యమైంది, మన్నించండి.

చేప కడుపులో మొఱలిడి చేరె నొడ్డు
ఎండు సొరపాదుకై వగ నేడ్చు నతడు
పసుల, పసివారి, లక్షల బ్రతుకు గనడు
ఊరు చల్లగా నుండుట నోర్వడు ముని

ఖమ్మం తమ్ముడు: అక్కా, చేపను ఒక్క పాదంలో దాటేశారు! తనకు దొరికిన దయ, ఊరికి దొరికితే ఓర్వలేని దయ, రెండూ పక్కపక్కనే నిలబెట్టారు.

బాపట్ల మాస్టారు: పసులను మరవకపోవడం బాగుంది. పుస్తకంలో చివరి మాట పశువుల గురించే. అక్కడ దేవుడు చెప్పిన కుడి ఎడమలెరుగని జనం పసివాళ్లేనని అందరూ ఒప్పుకోరు, అయినా పద్యానికి అది చాలు. "లక్షల" మాత్రం ఎక్కువైంది. ఉన్నది లక్షా ఇరవై వేలకు పైన.

ఒంగోలు అక్క: "పసుల, పసివారి, లక్షపై బ్రతుకు గనడు" అంటే?

బాపట్ల మాస్టారు: గణం సరిపోయింది, లెక్కా సరిపోయింది. "ఒడ్డు" దగ్గర వాక్యం ముగిసింది కాబట్టి తర్వాతి "ఎండు"తో సంధి లేకపోవడాన్నీ వదిలేస్తున్నాను.

నిర్వాహకుడు: ఈ వారం ఎంపిక ఒంగోలు అక్క పూరణ, సవరించిన మూడో పాదంతో. తెనాలి సోదరి పద్యాన్ని పక్కనే ఉంచుతున్నాను. వచ్చే వారం కందం.