సమస్యాపూరణం: తండ్రి యీడువాఁడె తనయు నీడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి.

తండ్రి యీడువాఁడె తనయు నీడు

తండ్రికి ఈడైనవాడు కొడుక్కి కూడా ఈడు ఎలా అవుతాడన్నదే ఇందులో చిక్కు. నా మనసులో ఉన్న సందర్భం చెబుతాను. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ రామాయణ్‌ని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ వెంటనే ఏప్రిల్లో జంగిల్ బుక్ కార్టూన్‌నీ తిరిగి వేసింది. 1990లలో దానికోసం టీవీ ముందు చేరిన పిల్లలు ఈసారి తమ పిల్లల్ని పక్కన పెట్టుకుని చూశారు. చూసేవాళ్ళకు జుట్టు నెరిసింది గాని అందులో అడవిలో పెరిగే పిల్లవాడు మోగ్లీకి ఒక్క ఏడు కూడా మీద పడలేదు. పాత కార్టూన్లు ఇలా తిరిగి రావడం మీద పూరిస్తే సంతోషం. వేరే సందర్భం తీసుకున్నా అభ్యంతరం లేదు. నేను చూసేది ఒక్కటే, "ఈడు" అన్న మాటకు పద్యంలో న్యాయం జరిగిందా లేదా అని.

కొత్తచిగురు:
మాస్టారూ, "తనయు నీడు" అంటే ఏమిటండీ? "నీడ" అనుకుని తికమకపడ్డాను.

నిర్వాహకుడు:
తనయు + ఈడు. షష్ఠీసమాసంలో ఉకారం తర్వాత అచ్చు వస్తే నుగాగమం వస్తుందమ్మా, అంటే మధ్యలో "న్" చేరుతుంది. "తనయునీడు" అంటే కొడుకు ఈడువాడు. కలిపి చదివితే చిక్కు విడిపోతుంది.

గోదారిగట్టు:
చిన్నప్పుడు చూసిన ఆ అమెరికా కార్టూన్ గుర్తొచ్చి రాశాను.

అడవి నడుమఁ బెరిగి యాడెడి మోగ్లికి
వయసు రాదు తెరను, బాలుఁ డెపుడు;
నాఁటి మిత్రుఁ డతఁడు నా పుత్రునకు నేఁడు;
తండ్రి యీడువాఁడె తనయు నీడు.

నిర్వాహకుడు:
మొదటి పూరణే చక్కగా వచ్చింది. మోగ్లీని మోగ్లి అని కుదించారు, పరభాషా నామం గనుక తప్పు పట్టను. "వ"కు "బా"తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు, చెల్లుతుంది. మీ ముందుమాటలో మాత్రం ఒక సవరణ. డిస్నీ వాళ్ళది 1967 నాటి సినిమా. దూరదర్శన్‌లో మనం చూసింది జపాన్‌వారి నిప్పాన్ యానిమేషన్ 1989లో తీసిన సీరియల్, 52 భాగాలు. కిప్లింగ్ కథ 1894లో పుస్తకంగా వచ్చింది, అందులో అడవి మన మధ్యప్రదేశ్‌లోని సివనీ ప్రాంతానిది. మన అడవి కథ ఇంగ్లీషులో పుట్టి, జపాన్‌లో బొమ్మలు గీయించుకుని, హిందీ గొంతుతో మన ఇళ్ళకు వచ్చింది. పులి షేర్‌ఖాన్‌కు నటుడు నానా పాటేకర్ గొంతు. ఆ గొంతు వినిపిస్తే నేను కాళ్ళు పైకి లాక్కుని కూర్చునేవాణ్ణి.

ఇక పద్యం సంగతి. మూడో పాదంలో మీరు మోగ్లీని మీ అబ్బాయికి అప్పగించి పక్కకు తప్పుకున్నారు. "నాఁటి మిత్రుఁడు" అనగానే మీ స్నేహం నాటితోనే ఆగిపోయినట్టయింది. సమస్యలో "యీడువాఁడె" అని ఉంది గదా, అందులోని ఏవకారం ("వాడే" అన్న నొక్కు) ఇంకా బిగువు కోరుతోంది.

గోదారిగట్టు:
నిజమేనండీ. వాడికి టీవీ పెట్టి నేను వంటింట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. పద్యంలో కూడా అదే చేశాను.

పాతబడి పంతులు:
కార్టూన్లు నాకు తెలియవు. పురాణం పట్టుకొచ్చాను.

చావు లేని వరము శశిమౌళి యొసఁగగ
మారలేదు వయసు మౌని కెపుడు;
పరఁగు పదియునాఱు ప్రాయము తోడనే;
తండ్రి యీడువాఁడె తనయు నీడు.

నిర్వాహకుడు:
మార్కండేయుడు! నాకు తట్టనేలేదు పంతులుగారూ. తరాలు గడిచినా పదహారు దాటనివాడు కనుక తండ్రికీ ఈడే, కొడుక్కీ ఈడే. "చా"కు "శ"తో, "మా"కు "మౌ"తో యతి ఎంత సాఫీగా కుదిరిందో కొత్తవాళ్ళు గమనించాలి. పేరు చెప్పకుండా "మౌని" అన్నారు, శశిమౌళి ఇచ్చిన వరం అనడంతో పోలిక అందింది. లోపం ఏమీ కనబడలేదు.

ఖమ్మంమెట్టు:
మాది పల్లె. నాన్నకు హిందీ రాదు, నాకూ అప్పట్లో అంతంతే. అందుకే మాటలు లేని కార్టూనే మాకు దగ్గరైంది.

పలుకు లేక నవ్వు పంచును జెర్రియు,
టాము వెంటఁ బడిన డాఁగి పోవు;
భాష లేని చెలిమి పడదె యెవ్వరికైన?
తండ్రి యీడువాఁడె తనయు నీడు.

నిర్వాహకుడు:
మీ ముందుమాట నన్ను కాసేపు ఆపింది. జంగిల్ బుక్ అందరికీ అందిందని పైన రాసేశాను గాని, హిందీ రాని ఇళ్ళలో పిల్లలు సగం ఊహించుకుని చూశారన్నది నిజం. తిరిగి వచ్చినప్పుడు కూడా అది హిందీలోనే వచ్చింది. పాత కార్టూన్‌ని మళ్ళీ వేసేవాళ్ళు ఈసారి తెలుగు మాటలు పెట్టి ఉంటే ఎన్ని ఇళ్ళలో తాతలు కూడా వచ్చి కూర్చునేవారో! ఈ లోటు నాకు గట్టిగానే అనిపిస్తుంది.

టామ్ అండ్ జెర్రీకి ఆ బాధ లేదు. "ట"కు "డ"తో వేసిన యతి ముచ్చటగా ఉంది. "జెర్రియు"లో "యు" పాదపూరణకే వచ్చింది. "జెర్రి తా" అన్నా గణం (గురులఘువుల లెక్క) చెడదు. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. మీ ముందుమాటలో ఉన్న ఇల్లు పద్యంలో కనబడక, సూక్తిలా తయారైంది. పైగా ఈ జెర్రి 1940లో పుట్టాడు. దాని సృష్టికర్తలు హానా, బార్బెరా ఇద్దరూ కలిసి 1958 దాకా 114 చిత్రాలు తీశారు, వాటిలో ఏడింటికి ఆస్కార్లు వచ్చాయి. అంటే మీ నాన్నగారి కన్నా ముందువాడే కావచ్చు. ఇలా చూడండి:

తాతనాఁటి యెలుక తగ్గించ దల్లరి;
తండ్రి యీడువాఁడె తనయు నీడు.

తాత, తండ్రి, తనయుడు ముగ్గురూ రెండు పాదాల్లో కుదిరారు.

ఖమ్మంమెట్టు:
నాన్నకు వినిపించాను. "తగ్గించ దల్లరి" దగ్గర నవ్వారు. మీ సవరణే ఉంచుతాను.

ప్రవాసి (న్యూజెర్సీ):
బాతు మామ యీఁదు పసిఁడి నాణెములలో,
మునుపు నేను చూచి మురిసినాను;
గీత మారెఁ గాని కిలకిలల్ మారవు;
తండ్రి యీడువాఁడె తనయు నీడు.

నిర్వాహకుడు:
"గీత మారెఁ గాని కిలకిలల్ మారవు" అన్న పాదం కోసం ఈ వారమంతా ఎదురుచూశాననుకోండి! మీ బాతు మామ ఉన్న కార్టూన్ డక్‌టేల్స్ మొదట 1987 నాటిది, మనకు దూరదర్శన్‌లో హిందీలో వచ్చింది. 2017లో డిస్నీ దాన్ని కొత్త బొమ్మలతో మళ్ళీ తీసింది. ఆ మార్పంతా "గీత" అనే రెండక్షరాల్లో పెట్టారు. అయితే నాణేల గుట్టలో ఈదే స్క్రూజ్ మామ ముసలివాడు గదా, పిల్లవాడికి ఈడెలా అవుతాడు? మొదటి పాదం "బాతు బుడుతఁ డీఁదు" అని మారిస్తే గణాలూ నిలుస్తాయి, అన్వయమూ నిలుస్తుంది.

నా మాట ఒకటి. కొత్తగా గీసినదాని కన్నా ఉన్నదాన్ని ఉన్నట్టు వేయడమే నాకిష్టం. బొమ్మ మారితే తండ్రి ఒకటి చూసినట్టు, కొడుకు ఇంకొకటి చూసినట్టు ఉంటుంది.

ప్రవాసి (న్యూజెర్సీ):
"బుడుతఁడు" తీసుకుంటున్నాను. రెండో మాటతో ఏకీభవించలేనండీ. మా అమ్మాయి పాతది రెండు భాగాలు చూసి లేచిపోయింది. కొత్తది పెడితే నన్ను లేవనివ్వలేదు. పక్కన కూర్చోబెట్టినదే నాకు అసలుది.

నిర్వాహకుడు:
ఒప్పుకుంటున్నాను. ఏది పక్కన కూర్చోబెడుతుందో అదే తూనిక.

ఓరుగల్లు కుర్రాడు:
పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

ఊరు వాడ మూసి యుండిన వేళలో
మరల వచ్చె మోగ్లి ఇంటిలోకి
నొక్క చాప మీఁద నొరసి కూర్చుంటిమి;
తండ్రి యీడువాఁడె తనయు నీడు.

నిర్వాహకుడు:
తప్పులు రెండు, రెండూ రెండో పాదంలోనే. "మ"కు "ఇం"తో యతి చెల్లదు. "మోగ్లి ఇంటి" అని విసంధిగా, సంధి చేయకుండా, విడిచారు, "మోగ్లి యింటి" అని ఉండాలి. "మరల వచ్చె మోగ్లి మనసు దోచ" అంటే ఛందస్సు సరిపోతుంది.

తక్కిన పద్యం గురించి ఏం చెప్పను! ఇప్పటిదాకా అందరం తండ్రికీ కొడుక్కీ ఈడైన మూడోవాణ్ణి వెతికాం. మీరు విరుపు మార్చారు. తండ్రి ఈడున్న మనిషే చాప మీద చేరి కొడుకు ఈడువాడైపోయాడు. సమస్య ఇచ్చిన నాకే ఈ అర్థం తోచలేదు. "ఒరసి" అన్న మాట ఎక్కడ పట్టారో గాని, భుజం భుజం తగిలినట్టే ఉంది.

ఓరుగల్లు కుర్రాడు:
ధన్యవాదాలు మాస్టారూ. మీరిచ్చిన "మనసు దోచ" మాత్రం వాడుకోలేను, మన్నించండి. అది ఎవరి పద్యంలోనైనా ఒదిగే మాట. ఆ నెలల్లో మా ఇంటికి చుట్టం రాలేదు, పక్కింటివాళ్ళు రాలేదు. మా వాడికి అప్పుడు ఆరేళ్ళు, ఆడుకోవడానికి వచ్చిన పిల్లవాడంటూ ఉంటే మోగ్లీ ఒక్కడే. రాత్రంతా గణాలు లెక్కపెట్టుకుని ఇలా మార్చాను:

ఊరు వాడ మూసి యుండిన వేళలో
మరల వచ్చె మోగ్లి మా గడపకు
నొక్క చాప మీఁద నొరసి కూర్చుంటిమి;
తండ్రి యీడువాఁడె తనయు నీడు.

నిర్వాహకుడు:
మా–గ, డ–ప–కు: గలము (గురువు, లఘువు), నగణము (మూడు లఘువులు). యతి "మ", "మా". సరిపోయింది. నా పాదం వెనక్కి తీసుకుంటున్నాను.

గోదారిగట్టు:
ఈ పద్యం చదివాక మా అబ్బాయిని పిలిచాను. సాయంత్రం ఇద్దరం మొదటి భాగం నుంచి పెట్టుకుంటున్నాం. నా మూడో పాదం రేపు మార్చి పంపుతాను.